తెగే వైరు

బోధన్‌లో ఎలుకల మీద ఉన్నన్ని నిందలు ఇంకెవరి మీదా ఉండవు. టీవీలో బొమ్మ పోతే ఎలుక, స్పీకరు గుడ్డ చిరిగితే ఎలుక, టేపురికార్డరు లోపల మాడిపోతే అదీ ఎలుకే. చెరుకు పండే చోట ఎలుకలు లేవని కాదు, ఉన్నాయి, పందికొక్కులంతేసి ఉన్నాయి. కానీ పాపం, అవి వచ్చి మేము కాదు బాబూ అని చెప్పుకోలేవు కదా. పాత బస్టాండు వెనక సందులో టీవీలూ సీడీ ప్లేయర్లూ బాగుచేసే సీమోను అందుకే దశరథం చెప్పిన ఎలుక కథ నాలుగుసార్లు విన్నాడు. నాలుగుసార్లూ తలూపాడు. ఈరోజు ఐదోసారి.

"అన్నా, మల్ల కొరికింది," అంటూ దశరథం ప్లేయరును బల్ల మీద పెట్టాడు. పెట్టడం కూడా ఎంత జాగ్రత్తగానో. కింద అరచెయ్యి వేసి, నిద్రపోతున్న పసిపిల్లను దించినట్టు దించాడు. వెనక్కి తిరిగి హోటలు వైపు రెండు వేళ్లు చూపించాడు, రెండు చాయలని.

దశరథం అంటే సందులో అందరికీ ఇష్టమే. ముప్పై మంది చెరుకు కొట్టే ముఠాకు మేస్త్రి. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైందంటే అతనికి తినడానికి తీరిక ఉండదు, అయినా ఎదురుపడిన ప్రతివాడినీ ఆపి పలకరిస్తాడు. ముఠాలో ఒకడికి జ్వరం వస్తే తన బండి మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయిన మనిషి. సీమోను కొడుకు పదో తరగతి పాసైతే చెరుకు మోపు మోసుకొచ్చి గుమ్మంలో పడేసి పోయాడు. చెరుకు నరికి నరికి గట్టిపడిన మణికట్లు, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి భుజం మీద పడే చెయ్యి, పెద్ద నవ్వు. అట్లాంటివాడిని కాదనడం కష్టం.

సీమోను నాలుగు స్క్రూలూ విప్పి మూత తీశాడు. మూత లోపలి వైపు నల్ల మార్కరుతో రాసిన వరసలు నాలుగు కనిపించాయి. సెప్టెంబరు పద్నాలుగు, వైరు, ఎలుక. అక్టోబరు ఏడు, వైరు, ఎలుక. డిసెంబరు రెండు, వైరు, ఎలుక, రిబ్బను. జనవరి తొమ్మిది, వైరు, ఎలుక, రిబ్బను. ఇది నిజామాబాద్‌లో ఉస్తాద్ నేర్పిన అలవాటు. "గిరాకి అబద్ధం చెప్తడు బేటా, నీకు యాది ఉండదు. మిషను కడుపుల మాత్రం ఖరా రాయి. రేపు ఎవడు ఇప్పినా వానికి నిజం దొరకాలె," అనేవాడు ముసలాయన. ఇరవై ఏళ్లుగా సీమోను చేతిలోంచి పోయిన ప్రతి మిషను కడుపులోనూ అతని రాత ఉంది.

టీవీకీ ప్లేయరుకూ మధ్య ఉండే మూడు పిన్నుల వైరు, ఎరుపూ తెలుపూ పసుపూ, సగానికి తెగి వేలాడుతోంది. సీమోను తెగిన కొనను దీపం కిందికి తెచ్చాడు. పై తొడుగు సాగి తెల్లబడింది. లోపలి రాగి పోగులు లాగి లాగి సూది మొనల్లా సన్నబడ్డాయి. ఎలుక కొరికితే తొడుగు మీద పంటిగాట్లు ఉంటాయి, రాగి మొద్దుగా తెగుతుంది. ఇరవై ఏళ్లలో అట్లాంటివి ఎన్ని చూడలేదు. సీమోను బొటనవేలు ఆ కొన మీద కాసేపు ఆగింది.

"ఏందన్నా సూస్తున్నవ్?" అన్నాడు దశరథం.

"ఏం లేదు తమ్మీ. ఎలుకలు మస్తయినయ్ మీ ఇంట్ల."

"మందు పెడ్త. నువ్వు జర మంచిది ఎయ్యి. గీ కంపెనీ వైర్లు నాలుగు దినాలు ఉంటలేవు."

ఆ మాట సీమోనుకు తగిలింది. కంపెనీ వైరే కావచ్చు, కానీ టంకం తనది. తను అతికించిన వైరు నాలుగు రోజులు నిలవడం లేదని నలుగురిలో అంటే పనివాడికి ఎట్లా ఉంటుంది? బల్ల కింద అట్టపెట్టెలో చర్చి మైకుకు తెచ్చిన కేబులు మిగిలి ఉంది. రబ్బరు తొడుగు, దాని లోపల రాగి అల్లిక, అల్లిక లోపల మళ్లీ తొడుగు. రెండు గజాల చొప్పున మూడు ముక్కలు కోశాడు. మూడింటినీ జానెడుకొక చోట నూలుదారంతో బిగించి కట్టాడు. ప్లాస్టిక్ పిన్నులు పక్కన పడేసి ఇత్తడి పిన్నులు తీశాడు, ఒక్కొక్క అతుకూ రెండుసార్లు టంకం పోసి, మీద తొడుగు వేడిచేసి బిగుసుకునేలా చేశాడు. గంట పట్టింది. చాయ చల్లారిపోయింది. ఇంత బాగా పని చేసి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు.

"ఇది తెంపాలంటె ఎలుకతోని గాదు, ట్రాక్టరు రావాలె."

దశరథం వైరు అందుకున్నాడు. రెండు మడతలు వేసి, ఒక కొస పిడికిటికి చుట్టుకుని, రెండో చేత్తో గట్టిగా గుంజి చూశాడు. అరచేతి మీద ఒకసారి కొట్టుకున్నాడు. చురుక్కుమన్నట్టుంది, చెయ్యి విదిలించి నవ్వాడు.

"మస్తు జేసినవన్నా. మజ్బూత్ ఉన్నది."

ఆ మెచ్చుకోలుకు సీమోను మురిసిపోయాడు. మూత బిగించే ముందు మార్కరు తీసి ఐదో వరస రాశాడు. ఫిబ్రవరి రెండు, వైరు, ఎలుక.

మూడో రోజు మధ్యాహ్నం దశరథం భార్య గోదావరి వచ్చింది. ఆమె ఎప్పుడూ దుకాణానికి రాలేదు. తునికాకు మూటగట్టే గుడ్డలో ప్లేయరును చుట్టుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని వచ్చింది. ఆమె బీడీలు చుడుతుందని సీమోనుకు తెలుసు. వేలి కొసలు ఆకు రంగు పట్టి ఉన్నాయి. కూర్చోమని స్టూలు చూపిస్తే కూర్చుంది గానీ, వెనకున్న గోడకు మాత్రం ఆనుకోలేదు.

"నడుస్తలేదన్నా. సీడీ లేదని చూపెడ్తుంది."

సీమోను పరీక్షకు వాడే పెళ్లి సీడీ వేశాడు. పళ్లెం లోపలికి పోయింది, సీడీ తిరగలేదు. తెర మీద నో డిస్క్ అని వచ్చింది. మూత విప్పి, లైటు ఆర్పి, కన్ను వైపు చూశాడు. కన్ను అంటే అద్దం, సీడీని చదివేది అదే. మంచిగా ఉన్నదైతే మూడుసార్లు పైకీ కిందికీ ఆడి ఎర్రటి చుక్క వెలిగించాలి. ఇది కదలనేలేదు. దుమ్మేమోనని స్పిరిటుతో దూది అద్ది తుడిచాడు. ఊహూ. మోటారు మంచిదే, కరెంటు వస్తోంది. అప్పుడు వేలితో రిబ్బను తడిమాడు. కన్నుకు కరెంటు తీసుకుపోయే ఆ తెల్లటి పలక వైరు గూట్లోంచి సగం జారి ఉంది.

"కింద పడ్డదా చెల్లె?"

"పడ్డది."

"ఎట్ల పడ్డది?"

"వైరు పట్టి గుంజితె ఎంబడే వచ్చింది."

రిబ్బను గూట్లోకి నొక్కాడు. కన్ను ఆడింది, సీడీ గిర్రున తిరిగింది, తెర మీద పెళ్లికూతురు తల వంచుకుని వచ్చింది. పని అయిపోయింది. సీమోను సంతోషంగా తన వైరు ఎత్తి చూపించాడు.

"సూసినవా, మిషను పడ్డది గని వైరుకేం గాలే."

"తెగలేదన్నా," అంది గోదావరి. "గదే చెప్పనీకి వచ్చిన. దీన్ని తీసెయ్యి. పాతదసొంటిది ఎయ్యి. తెగేది."

సీమోనుకు అర్థం కాలేదు. ఆమె సందు వైపు ఒకసారి చూసి, కొంగు పక్కకు తీసి, మోచెయ్యి దీపం కింద బల్ల మీద పెట్టింది. టంకం వేయడానికి ఎవరో సామాను తెచ్చి పెట్టినట్టు పెట్టింది. మూడేసి గీతలు పక్కపక్కనే, వాతలు తేలి, కొన్ని చోట్ల చర్మం చిట్లి ఉంది. గీతలు అయిపోయిన చోట గుండ్రటి ముద్రలు. సీమోను ఆ ముద్రల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చుట్టు కొలత అతనికి తెలుసు. ఇత్తడి పిన్ను అది. కణత మీద, కంటికి వేలెడు దూరంలో, అట్లాంటిదే ఇంకొకటి ఉంది.

"పాతది ఏడెనిమిది దెబ్బలకు తెగుతుండె," అంది గోదావరి. గొంతు కూరగాయలు బేరమాడేటప్పటి గొంతులాగే ఉంది. "తెగంగనే ఆయన చెయ్యి ఆగుతుండె. అయ్యో వైరు పాయె, రేపు సీడీ ఎట్ల సూస్తం అని దాన్నే సూసుకుంట కూసుంటుండె. నేను లేసి పొయ్యికాడికి పోతుంటి. గిది తెగుతలేదు. మొన్న ఇరవై దాక లెక్కవెట్టిన. ఆ ఎన్క లెక్క తప్పింది."

"ఎందుకు కొడ్తడు?"

"ఒకనాడు కూరల ఉప్పు. ఒకనాడు సీడీ నడుమల ఆగింది."

"మీ పెద్దమనుషులకు చెప్పకపోతివి?"

"చెప్పిన. దశరథం మంచోడు, ముప్పై మందికి పని సూపెడ్తడు, నువ్వే జర సదురుకో అన్నరు." కొంగు మళ్లీ కప్పుకుంది. "నువ్వు గూడ ఎలుకనే అన్నవు గదన్నా. ఆయన ఇంటికొచ్చి చెప్పి నవ్విండు, సీమోనన్న గూడ ఎలుకనే అంటున్నడని."

సీమోనుకు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గనిపించింది. పాత కంపెనీ వైరు ఒకటి వెతికి తీశాడు.

చెడ్డపని చేయడం మంచి పనివాడికి ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. పిన్ను దగ్గర తొడుగు చీల్చి, రాగి పోగుల్లో మూడింటిని ఉంచి మిగిలినవన్నీ కత్తిరించాడు. టంకం అంటీ అంటనట్టు చుక్క వేశాడు. చేతులు ఊరుకోవు కదా, అలవాటు కొద్దీ ఇంకో చుక్క వేసేశాయి. ఛీ అనుకుని దాన్ని కరిగించి తీసేశాడు. మీద నల్ల టేపు చుట్టాడు. బొమ్మ వచ్చింది, మాట వచ్చింది. కొంచెం గుంజి చూస్తే ఊడి చేతికి వచ్చింది. మళ్లీ అతికించాడు.

"ఎన్నింటికి తెగుతది?" అని అడిగింది గోదావరి.

"ఒకటో రెండో."

"చాలు."

లావు వైరును సీమోను సొరుగులో పడేశాడు. సౌండు సరిగా రావడం లేదని మార్చానని చెప్పమన్నాడు. మూత లోపల ఆరో వరస రాయడానికి మార్కరు మూత తీసి, ఫిబ్రవరి ఐదు, రిబ్బను అని మాత్రం రాశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా భార్య శారమ్మకు చెప్పాడు. శారమ్మ సర్కారు దవాఖానలో ఆయా. దెబ్బలు తగిలిన ఆడవాళ్లను రోజూ చూస్తుంది, బావి దగ్గర జారిపడ్డానంటే సరేనని దూది అందిస్తుంది. కూరగాయలు తరుగుతూ అంతా విన్నది. మెచ్చుకుంటుందని సీమోను ఎదురుచూశాడు.

"వైరైతే మార్చినవ్," అంది ఆమె. "చెయ్యి గదే ఉన్నది గదయ్యా."

మరునాడు పదకొండు గంటలప్పుడు దశరథం వచ్చాడు. చంకలో ప్లేయరు ఉంది. ఎప్పటిలాగే అరచెయ్యి వేసి జాగ్రత్తగా బల్ల మీద దించాడు. చాయ చెప్పలేదు.

"నీ వైరు మొదటి దెబ్బకే ఊడిపాయె అన్నా."

ఎలుక అనలేదు.

"దెబ్బ పడ్డదో లేదో, పిన్ను పోయి గోడకు తలిగింది. అది నవ్వింది. ఎర్కేనా? పదేండ్ల సంది నా ముంగట గట్ల నవ్వలే. పడి పడి నవ్వింది." దశరథం గొంతు తగ్గించి, నమ్మలేనట్టు చెప్పాడు. "అప్పుడు సమజైంది. మీరిద్దరు మాట్లాడుకున్నరు. నా పెండ్లాంతోని నువ్వు ఏం మాట్లాడినవ్?"

"తమ్మీ, ఆమె చెయ్యి సూసిన. గట్ల కొట్టుడు..."

"గా లావుది ఏడుంది?"

అడిగాడే గానీ జవాబు కోసం ఆగలేదు. సొరుగు లాగాడు. వైరు తీశాడు. మొన్నటిలాగే రెండు మడతలు వేసి, కొస పిడికిటికి చుట్టుకున్నాడు. సీమోను లేవబోయాడు. దశరథం ఎడమచేత్తో అతని మెడ పట్టి బల్ల మీదికి వంచాడు. చెరుకు గడల మోపును మోకాలితో తొక్కిపట్టి కట్టే మనిషికి సీమోను ఎంత? స్పిరిటు సీసా దొర్లి కింద పడి పగిలింది.

మొదటి దెబ్బకు సీమోనుకు నొప్పి కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఇంత బరువుగా ఉంటుందా అనుకున్నాడు. రెండో దెబ్బ మీద చొక్కా చిరిగిన చప్పుడు వినిపించింది. మూడోదానికి అరిచాడు. నాలుగోది మెడ మీద పడింది, ఇత్తడి పిన్ను చెవి వెనక తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. ఐదు. ఆరు. తను ఎప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడో అతనికే తెలియదు. ఏడు. ఏడెనిమిదింటికి తెగుతుండె అన్న మాట గుర్తొచ్చింది. తెగు, తల్లీ, తెగు అని తన వైరునే బతిమాలుకున్నాడు. ఎనిమిది. ప్రతి అతుకూ అతనికి తెలుసు, రెండుసార్లు టంకం పోసినవి, తొడుగు వేడిచేసి బిగించినవి, జానెడుకొక చోట నూలుదారం కట్టినవి. ఎక్కడా వదలడం లేదు. పన్నెండు. వీపు మీద ఎక్కడ చర్మం ఉందో ఎక్కడ లేదో తెలియడం లేదు. పద్నాలుగు తరువాత లెక్క తప్పింది.

సందులో జనం చేరారు. హోటలు వెంకటి చాయ వడపోస్తూ గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "దోస్తులే గదా, వాళ్ల మద్దెల ఏమున్నదో," అన్నాడు ఒకడు. దశరథం కొడుతున్నాడంటే తప్పు సీమోనుదే అయి ఉంటుందని అందరికీ తోచింది. మంచివాడు ఊరికే కొట్టడు కదా.

వైరు తెగలేదు. దశరథం చెయ్యి అలిసిపోయింది, అందుకని ఆగాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మణికట్టు పిసుక్కున్నాడు. బల్ల పక్కనున్న నీళ్ల సీసా ఎత్తి గటగట తాగి, మిగిలినవి మొహం మీద చల్లుకున్నాడు. ఇంతేనా అనిపించింది సీమోనుకు, బల్ల మీద చెంప ఆనించి చూస్తూ. ఈ వైరుతో అతను ఆగాలంటే అతని చెయ్యి నొప్పెట్టాలి. అది తప్ప ఇంకే దారీ లేదు. గోదావరికి మొన్ననే తెలిసిన సంగతి ఇదే.

"మాపటికల్లా తయారుంచు," అన్నాడు దశరథం లేస్తూ. "సీడీలు తెచ్చుకున్న."

"గోదావరి ఏడుంది?"

"ఏడికి పోతది, ఇంట్లనే ఉంది. చెయ్యి బాగలేదట, కూసుంది."

అతను పోయాక సీమోను షట్టరు సగం దించాడు. చిరిగిన చొక్కా మీద ఇంకో చొక్కా వేసుకున్నాడు, అది వీపుకు అంటుకుంది. ఎందుకో తెలియకుండానే ప్లేయరునూ లావు వైరునూ సంచిలో వేసుకుని, సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ పోయాడు.

దశరథం ఇంటి ముందు అరుగు మీద పక్కింటి సాయవ్వ బీడీలు చుడుతోంది. ముసలిదైనా వేళ్లు ఆగవు. సీమోనును చూసి, అడక్కముందే అంది, "పడ్డది బిడ్డ. జారి పడ్డది." ఆకు మడిచి, తంబాకు పోసి, దారం చుట్టింది. సీమోను లోపలికి పోయాడు.

గోదావరి గోడ పక్కన చాప మీద కూర్చుని ఉంది. బీడీల చాట బోర్లా పడి ఉంది, తంబాకు ఇల్లంతా చల్లినట్టు పరుచుకుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అది చెయ్యిలా లేదు. వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి, రెండు వేళ్లు ఉండవలసిన వైపు లేవు. ఆ చేత్తోనే కత్తెర పట్టాలి, ఆ వేళ్లతోనే బీడీ చుట్టాలి.

"బూటుతోని తొక్కిండు," అంది. "నవ్విన గదా." తరువాత, తనకే వింతగా ఉన్నట్టు, "ఏం జెయ్యనన్నా, నవ్వాగలే," అంది.

సీమోనుకు ఏడుపు వచ్చింది. ఆమె ఎదుట ఏడవడానికి తనకేం హక్కుందని మింగేశాడు. సందు చివర రిక్షా పిలిచాడు. సాయవ్వ ఈసారి బీడీ చుట్టడం ఆపి, వాళ్లు రిక్షా ఎక్కేదాకా చూసింది.

దవాఖానలో శారమ్మే కట్టు కట్టించింది. రెండు వేళ్లు విరిగాయనీ, నిజామాబాద్ పోయి ఎక్స్‌రే ఫొటో తీయించాలనీ డాక్టరు చెప్పి, ఠాణాకు చీటీ పంపాడు. సాయంత్రానికి హెడ్డు కానిస్టేబులు చిన్నయ్య వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పింఛనుకు దగ్గరపడిన మనిషి, కోపం లేనివాడు, కళ్లజోడు దారంతో మెడకు కట్టుకున్నాడు. గోదావరి చెయ్యి చూసి నాలుక చప్పరించాడు.

"మొగుడు పెండ్లాల ముచ్చట తల్లీ. కేసు అంటివా, రేపు మల్ల ఆ ఇంటికే పోవాలె. నేను పిలిచి గట్టిగ చెప్త, సరేనా?" అని, సీమోను వైపు తిరిగి, "నువ్వెందుకు వంకరగ కూసున్నవ్?" అన్నాడు.

శారమ్మ వచ్చి భర్త చొక్కా పైకెత్తింది. చిన్నయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. అతని మొహం మారిపోయింది.

"బజార్లనా? పట్టపగలు? మొగమనిషిని గిట్ల కొట్టిండా? గిది కేసయ్యా. గిది వదిలేది గాదు." సంచిలోంచి కాయితాలు తీసి అట్ట మీద పెట్టుకుని, పైన సీమోను అని రాశాడు. "చెప్పు, నీ తండ్రి పేరు."

సీమోను ఆమె వైపు చూశాడు. గోదావరి నేల చూస్తోంది. ఆమె మెడ మీద మూడు గీతలు ఉన్నాయి. తన వీపు మీదా అవే మూడు గీతలు. ఒకటే వైరు. అక్కడ అవి ముచ్చట, ఇక్కడ కేసు.

"ముందుగాల ఆమెది రాయుండ్రి సారూ."

"ఆమెకు ఏం ఆధారమయ్యా? కోపంల ఒక్కసారి చెయ్యి చేసుకున్న అంటడు. వాడకట్టు అంత వాడు మంచోడనే చెప్తరు."

"ఒక్కసారి గాదు. నా దగ్గర తారీకులున్నయ్."

సంచిలోంచి ప్లేయరు తీసి బెంచీ మీద పెట్టాడు. జేబులో స్క్రూడ్రైవరు ఉంది, అది ఎప్పుడూ ఉంటుంది. నాలుగు స్క్రూలూ విప్పాడు. ఒక స్క్రూ జారి కింద పడింది, శారమ్మ ఏరి ఇచ్చింది. మూత తిప్పి చిన్నయ్య చేతికి ఇచ్చాడు. తెగిన ప్రతిసారీ ఆ వైరు గోదావరి ఒంటి మీదే తెగిందని చెప్పాడు. చిన్నయ్య మూతను వెలుతురు వైపు తిప్పి, బడిపిల్లవాడిలా పైకి చదివాడు.

"సెప్టెంబరు పద్నాలుగు. వైరు. ఎలుక." కింది వరస చూశాడు. "అక్టోబరు ఏడు. వైరు, ఎలుక." మిగతావి మనసులో చదువుకున్నాడు. తల ఎత్తాడు. "ఎలుక అని ఉన్నది గదయ్యా. ఐదుసార్లు ఎలుకనే ఉంది. రాత ఎవలిది?"

"నాదే."

"మరి వాని తరపు వకీలు గిదే చూపెట్టి, వైరు ఎలుక కొరికిందని నీ సాక్షే రాసిండు గదా అంటె ఏం జేస్తవ్? దీన్ని బయటికి తియ్యకు. నీ దెబ్బల మీద నీ కేసు మంచిగ నిలవడ్తది."

గోదావరి తల ఎత్తి సీమోను వైపు చూసింది. అడగడం లేదు, తిట్టడం లేదు. నిన్న దుకాణంలో మోచెయ్యి బల్ల మీద పెట్టినప్పుడు చూసినట్టే చూసింది.

"నేను అబద్ధం రాసిన సారూ," అన్నాడు సీమోను. "ఎలుక కొరికితే తొడుగు మీద పండ్లు దిగుతయ్. రాగి మొద్దుగ తెగుతది. వాడు తెచ్చిన వైర్లల్ల రాగి సాగి తెగింది. గుంజితెనో, కొడితెనో తప్ప గట్ల తెగదు. నాకు ఎర్కే. మొదటిసారే ఎర్కైంది."

"ఎర్కుండి ఎలుకని ఎందుకు రాసినవ్?"

"వాడు మంచోడు సారూ. వచ్చినప్పుడల్లా చాయ చెప్తడు."

చిన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గిది నేను రాస్తే నిన్ను గూడ అడుగుతరు. ఎర్కుండి మూసిపెట్టినవని నీ కులపోళ్లు, నీ గిరాకులు అందరు అంటరు. సోంచాయించు."

"రాయుండ్రి."

చొక్కా జేబులోంచి మార్కరు తీశాడు. మూత తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటి వరసలో ఎలుక అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు. రెండోదాని మీద, మూడోదాని మీద, ఐదు వరసల్లోనూ గీశాడు. కొట్టేసిన చోట ఏం రాయాలో మాత్రం తోచలేదు.

"ఏం రాయాలె చెల్లె?"

గోదావరి కట్టు కట్టిన చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని కొంచెం ముందుకు జరిగింది. మూత మీద మొదటి తారీకు చూసింది. చదువు రాదు గానీ లెక్క వచ్చు, రోజూ బీడీలు ఇరవై ఐదేసి కట్టలు కట్టే మనిషి.

"మొదటిసారి ఏడు," అంది. "ఏడింటికి తెగింది. తర్వాతది తొమ్మిది. దీపావళి ఎన్కది ఆరే, గది జర నాసి వైరు ఉండె. గిది పదకొండు. గిది ఎనిమిది."

ఆమె చెప్పింది చెప్పినట్టు సీమోను రాశాడు. చిన్నయ్య కూడా అట్ట మీద కాయితం తిప్పి, పైన రాసిన సీమోను పేరు కొట్టేసి, గోదావరి, భర్త పేరు దశరథం అని మొదలుపెట్టాడు. చివరి వరస దగ్గర సీమోను చెయ్యి ఆగింది. ఫిబ్రవరి ఐదు, రిబ్బను.

"గది నాకు ఎర్క లేదన్నా," అంది గోదావరి. "లెక్క తప్పింది."

సీమోను తలూపాడు. రిబ్బను పక్కన చిన్న అక్షరాలతో రాశాడు. లెక్క తప్పింది. వైరు తెగలేదు. ఆ వైరు చేసింది సీమోను.